చెవికి కూడా అందాలి

కిందటి సెప్టెంబరులో, మన వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా జయంతి సందర్భంగా, హాస్టల్ స్టడీ హాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద వరుసగా రెండు ఆదివారాలు ఉపన్యాసాలు ఏర్పాటు చేశాం. మేమంటే ఇక్కడే ట్రంకుపెట్టెలు పెట్టుకుని చదివి, ఇప్పుడు పీజీలో ఉన్న నలుగురం. చూపు లేనివారికి, వినికిడి తక్కువైనవారికి, నడవలేనివారికి ఈ సాఫ్ట్‌వేర్ ఎలా అందుతుందన్నది అంశం. ఆ రెండు ఆదివారాల్లో మేము నేర్చుకున్నది తమ్ముళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఓపెన్ సోర్స్ అంటే లోపలి ప్రోగ్రామును అందరికీ కనబడేలా ఉంచిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. అందులో మేము ఎంచుకున్నది ఎన్‌వీడీఏ. కంప్యూటరు తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఇది. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత ఒక మిత్రుడు తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివారే. డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్లు అందరికీ అందవు కాబట్టి దీన్ని ఉచితంగా ఇచ్చారు. లినక్స్ వాడేవారికి ఇలాంటిదే ఓర్కా ఉంది.

మొదటి ఆదివారం మాలో ఒకరు మాట్లాడారు. నలభై మంది పిల్లలు శ్రద్ధగా విన్నారు. చప్పట్లు కూడా బాగానే మోగాయి. చివరి వరసలో మన హాస్టల్ పూర్వ విద్యార్థి, చూపు లేని తమ్ముడు ఒకడు కూర్చున్నాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఎలా ఉందని అడిగితే నవ్వి అన్నాడు: "అన్నా, మీరు 'ఇక్కడ చూడండి', 'ఇదిగో ఇది నొక్కితే' అని ముప్పై ఒక్కసార్లు అన్నారు. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. ఇంకేం చేయను?"

మాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి కోసం సభ పెట్టామో వాళ్లకే సభ అందలేదు. సరే, ఉపన్యాసం కాపీ ఇస్తాం, ఇంట్లో వినమని ఫైలు ఇచ్చాం. రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, మీ తెలుగు నాకు ఇంగ్లిషు అక్షరాల్లో వినబడుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు."

లోపం ఎక్కడుందో వెతికాం. ఆ ఫైలును డీటీపీ షాపులో అనూ ఫాంట్లతో టైపు చేయించాం. అలాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు అతికించి ఉంటాయి. కంటికి తెలుగు, కంప్యూటరుకు మాత్రం అర్థం లేని ఇంగ్లిషు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తన సంకేతం తనకుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటిచ్చారు. ఇంకో సంగతి తట్టి మరీ సిగ్గుపడ్డాం. మన వార్షిక సంచికలు కూడా అనూలోనే ఉన్నాయి. తమ్ముడు ఇక్కడ ఉన్న ఏళ్లలో తన హాస్టల్ పుస్తకాన్ని తానుగా ఒక్కసారీ చదువుకోలేదు.

మాది మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం. బ్యాంకు కాగితం చదివిపెట్టమని మా తాతలు ఎవరెవరి గుమ్మాల ముందో నిలబడ్డారు. చదివేవాడికి తీరిక ఉంటేనే వాళ్లకు సంగతి తెలిసేది. చదువుకున్నాక మేమే ఒకణ్ణి అలా గుమ్మం ముందు నిలబెట్టాం.

రెండో ఆదివారానికి పద్ధతి మార్చాం. ఉపన్యాసాన్ని యూనికోడ్‌లో టైపు చేసి మూడు రోజుల ముందే పంపాం. మాట్లాడేవారు ముందు తమ పేరు చెప్పాలి, తెర మీద ఉన్నదంతా నోటితో చెప్పాలి, అడిగిన ప్రశ్నను మళ్లీ అందరికీ వినిపించాలి అని నియమం పెట్టుకున్నాం. హాలు చిన్నదే అయినా, వినికిడి తక్కువున్న పిల్లవాడి కోసం మైకు పెట్టాం. అన్నిటికంటే ముఖ్యంగా, తమ్ముణ్ణే వేదిక మీదికి పిలిచాం.

వాడు వచ్చి ముందు మానిటర్ ఆపేశాడు. "ఇప్పుడు మీరూ నేనూ సమానం" అన్నాడు. కంప్యూటరు గొంతు ఒక్కో అక్షరం పలుకుతుండగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద తప్పు లేకుండా ఉత్తరం టైపు చేశాడు. తర్వాత మానిటర్ వేసి ఒక ప్రోగ్రాం తెరిచాడు. "బటన్, బటన్, బటన్" అంది ఎన్‌వీడీఏ. "రాసినవాళ్లు బటన్లకు పేర్లు పెట్టలేదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల మీద చీటీలు లేకపోతే ఎవరి సరుకో ఎలా తెలుస్తుంది? ఇదీ అంతే. కానీ ఇది ఓపెన్ సోర్స్. నేర్చుకుంటే ఆ చీటీ మనమే అంటించవచ్చు" అన్నాడు. ఇంటర్ పిల్లలు ముగ్గురు ఆ పని నేర్చుకుంటామని అక్కడే పేర్లిచ్చారు.

ఉచితంగా ఇచ్చినంత మాత్రాన అందరికీ అందినట్టు కాదని ఆ రోజు అర్థమైంది. తలుపు తీసే ఉన్నా గడప ఎత్తుగా ఉంటే కొందరు బయటే ఉండిపోతారు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారం వికలాంగులకు అందేలా ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 42వ సెక్షన్‌లో చెబుతోంది. కనుక ఇది మనం చేసే దయ కాదు, వాళ్ల హక్కు.

జాషువా గారు 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును శివుడికి గబ్బిలంతో పంపుకుంటాడు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి అడ్డం కాలేదు. చీకట్లో చెవి సాయంతో దారి చూసుకునే ప్రాణి అది. ఆ కవి ఊళ్లో చదువుకున్న మనం ఎవరికీ తలుపు మూయకూడదు.

సంపాదక వర్గాన్ని అడిగి ఈ సంచికను లిబ్రేఆఫీస్‌లో, యూనికోడ్‌లో తయారు చేశాం. అక్కడక్కడ పేజీల అందం తగ్గింది, మన్నించండి. పాత సంచికలు ఇంకా మార్చాలి. సెలవుల్లో తలా పది పేజీలు టైపు చేసే తమ్ముళ్లు కావాలి.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ముందే తమ్ముడికి పంపాం. మొదటి నుంచి చివరిదాకా తానే విన్నాడు. "అన్నా, రెండు అచ్చుతప్పులున్నాయి" అని ఫోన్ చేశాడు. దిద్దాం.