పాప పడుకున్నప్పుడైనా నిద్ర పడుతోందా?

పురిటికి కంకిపాడు, పుట్టింటికి వచ్చాను. కాన్పు సుఖంగానే అయింది. మొదటి వారం ఊరికే ఏడుపొస్తుంటే బాలింతలకు మామూలేనన్నారు.

రెండో వారం దాటాక నాకు నిద్ర కరువైంది. పాప పడుకున్నా నాకు కన్ను మూతపడేది కాదు. ఇంటి ముందే కాలవ. పాపనెత్తుకుని వాకిట్లో నిలబడితే నా చేతులే దాన్ని నీళ్లలో వేసేస్తాయేమో అనిపించేది. ఒళ్లు వణికేది. గుమ్మం దాటడం మానేశాను. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. అసలు సంగతి చెబితే పాపను నా దగ్గర ఉండనివ్వరని భయం.

ఆరో వారం టీకాకు వెళ్తే ఆశా కార్యకర్త నా మొహం చూసింది. మర్నాడు విజయవాడలో సైకియాట్రిస్టు దగ్గరకు నాతో, అమ్మతో తనే వెంట వచ్చింది. బందరు రోడ్డు పొడుగునా బస్సులో పాపను తన ఒళ్లోనే పెట్టుకుంది. నేను అడగకుండానే.

సైకియాట్రిస్టు గారి దగ్గర ముందు ఒక కాగితం ఇచ్చారు. బాలింతల కుంగుబాటును పసిగట్టడానికి 1987 నుంచి వాడుతున్న ఎడింబరో ప్రశ్నావళి అది. గడిచిన ఏడు రోజుల గురించి 10 ప్రశ్నలు. పదోది, నాకు నేను హాని చేసుకోవాలనిపించిందా అని. లేదని టిక్కు పెట్టాను. అబద్ధం.

ఆవిడ కాగితం చూసి పక్కన పెట్టారు. అమ్మను బయట కూర్చోమన్నారు. "ఏం జరుగుతోందో మీరే చెప్పండమ్మా" అన్నారు. నోరు పెగల్లేదు. తొందర పెట్టలేదు. "పాప పడుకున్నప్పుడైనా నిద్ర పడుతోందా?" లేదన్నాను. అప్పుడు పెన్నుకు మూత పెట్టి అడిగారు. "కాన్పయ్యాక చాలామంది తల్లులకు బిడ్డను ఏమైనా చేసేస్తామేమోనని ఆలోచనలు వస్తాయి. మీకూ వస్తున్నాయా?"

ఏడ్చేశాను. కాలవ సంగతి చెప్పాను. పదో ప్రశ్న సంగతీ చెప్పాను.

ఆవిడ మొహం మారలేదు. ఆ ఆలోచన వస్తే భయమేస్తోందా, చెయ్యాలనిపిస్తోందా? చెయ్యమని గొంతులేమైనా వినిపిస్తున్నాయా? పాపలో ఏదో చెడు ఉందనిపిస్తోందా? చచ్చిపోవాలని ఎప్పుడెప్పుడు అనిపించింది? ఒక్కో జవాబుకీ ఆగారు. గొంతులు వినిపిస్తుంటే ఆ రోజే ఆస్పత్రిలో చేర్చుకోవలసి వచ్చేదన్నారు. అంత సూటిగా అడిగారు కాబట్టే చెప్పగలిగాను.

అమ్మను పిలిచే ముందు, ఆమెతో ఏవి చెప్పొచ్చో నన్నే అడిగారు. అమ్మ అంతా విని ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి నా మంచం పక్కనే పడుకుంది. థైరాయిడ్ పరీక్ష చేయించారు. పాలివ్వడం ఆపక్కర్లేదని చెప్పి సెర్ట్రలిన్ రాశారు. గుణం కనపడడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నారు, పట్టింది. ఆ వారాల్లో పాపతో నన్ను ఒంటరిగా వదలొద్దని నేనే బతిమాలుకున్నాను.

మందు ఇంకా వాడుతున్నాను. పాపకు స్నానం నేనే పోస్తున్నాను. మానసిక సమస్యలకు సాయం చేసే టెలిమానస్ నంబరు 14416 ఫోన్‌లో పెట్టుకున్నాను. ఏ రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు. మీ ఇంట్లో బాలింత ఉంటే ఆమెకూ ఇవ్వండి.