ఉలి ఊరి అందగాడు

మగవాడు అందంగా వుండడం తప్పు కాదు గాని, ఆ సంగతి తనకి తెలిసివుండడం మాత్రం తప్పు. ఇది మా ఊళ్ళో పెద్దల అభిప్రాయం. తలకింత కొబ్బరినూనె, భుజాన ఉతికిన కండువా. అంతకు మించి ముస్తాబైన మగవాణ్ణి "సోగ్గాడు" అనేవారు. ఆ మాట వెనక ఒక నవ్వు వుండేది. నేనూ ఆ నవ్వు నవ్వుతూనే నలభయ్యయిదేళ్ళవాణ్ణయ్యాను.

కిందటి వేసవి సెలవుల్లో ఫిలిప్పీన్సు వెళ్ళవలసి వచ్చింది. మా మేనల్లుడు మనీలాలో వైద్యం చదువుతున్నాడు. మనవైపు నించి ఆ దేశానికి డాక్టరు చదువుకి వెళ్ళే పిల్లలు చాలామందే వున్నారు. పిల్లవాడు చిక్కిపోయాడేమో కంటితో చూసి రమ్మని మా చెల్లెలు ఒకటే పోరు. కందిపొడీ, గోంగూర పచ్చడీ మూటగట్టుకుని విమానం ఎక్కాను. తీరా చూస్తే వాడు చిక్కిపోలేదు సరిగదా, నాకంటే లావెక్కాడు.

మూడో రోజున వాడన్నాడు: "మామయ్యా, నా స్నేహితుడొకడు రేపు పోటీలో నిలబడుతున్నాడు. వాళ్ళ ఊరు వెడదాం, వస్తారా?"

"ఏం పోటీరా? వక్తృత్వమా?"

"కాదు మామయ్యా, అందాల పోటీ."

"స్నేహితుడన్నావుగా?"

"అవును మామయ్యా. మగపిల్లల అందాల పోటీ."

నేను నవ్వాను. మా ఊరి నవ్వే. వాడు నవ్వలేదు.

మర్నాడు బస్సులో వాడు పాఠం చెబుతూవుంటే నేను వింటూ కూచున్నాను. నా ఉద్యోగంలో ఇటువంటి అవకాశం అరుదుగా వస్తుంది. ఆ దేశానికి పోటీల మోజు ఇవాళ్టిది కాదట. అమెరికావాళ్ళ పాలనలో, 1908లో, మనీలా కార్నివాల్ అని ఒక పెద్ద తిరునాళ్ళు మొదలుపెట్టి దానికి ఒక రాణిని ఎన్నుకునేవారు. 1939 దాకా ఆ సంబరం సాగింది. 1969లో గ్లోరియా డియాజ్ విశ్వసుందరి అయింది. ఆ పోటీ 1974లోనూ, 1994లోనూ మనీలాలోనే జరిగింది. 1994లో అక్కడ కిరీటం పెట్టుకున్న సుస్మితా సేన్ పుట్టింది మన హైదరాబాదులో.

"అవన్నీ ఆడపిల్లల సంగతులు గదురా" అన్నాను.

"వస్తున్నాను మామయ్యా" అని వాడు మే నెల ఊరేగింపుల సంగతి ఎత్తుకున్నాడు. శాంతాక్రూజన్ అంటారు వాటిని. క్రీస్తును సిలువ వేసిన కొయ్యని వెదికి కనుక్కున్నదని చెప్పే హెలీనా మహారాణి వేషం ఒక పిల్ల వేస్తుంది. ఇంకా కొందరు పిల్లలు రాణుల వేషాలతో నడుస్తారు. రాణి పక్కన ఒక కుర్రవాడు. చెయ్యి అందించి నడిపించడమే వాడి పని. వాడి వంక ఎవరూ చూడరు. ఇప్పుడు ఆ కుర్రవాడికీ విడిగా ఒక పోటీ వచ్చింది. బళ్ళలో, కాలేజీల్లో, ఊరి పండగల్లో పెడతారు. గెలిచినవాణ్ణి చాలాచోట్ల "లకాన్" అంటారు. స్పెయినువాళ్ళు రాకముందు ఆ దేశపు దొరల బిరుదది. 2014 సంవత్సరానికి మిస్టర్ ఇంటర్నేషనల్ బిరుదు గెలిచిన నీల్ పెరెజ్ పోలీసు ఉద్యోగి.

"పోలీసాయనే!" అన్నాను.

"అంతదాకా ఎందుకు మామయ్యా, 2016లో ఇంగ్లండులో మిస్టర్ వరల్డ్ అయిన రోహిత్ ఖండేల్వాల్ మన హైదరాబాదు కుర్రాడే. ఆ తరవాతి పోటీ 2019లో మనీలాలో జరిగింది. అక్కడివాళ్ళకి తెలుసు, మీకు తెలియలేదు."

నేను కిటికీలోంచి చూస్తూ కూచున్నాను.

మేము వెళ్ళిన ఊరి పేరు పాయెతే. మనీలాకి సుమారు నూరు కిలోమీటర్ల దూరం. ఒక పక్క లగూనా అనే పెద్ద సరస్సు, ఇంకో పక్క కొండలు. "పాయెత్" అంటే వాళ్ళ భాషలో ఉలి అట. ఉలి పేరు పెట్టుకున్న ఊరు! ఎప్పటినించో అక్కడ కొయ్యబొమ్మలు చెక్కుతున్నారు. 2005లో వాళ్ళ ప్రభుత్వం ఆ ఊరిని దేశానికి శిల్పకళా రాజధాని అని ప్రకటించింది. వీధిలోకి అడుగు పెట్టగానే ఏదో ఇంట్లోంచి కొయ్య మీద ఉలిదెబ్బ వినిపించింది. ఆ చప్పుడు వినగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాన్న వడ్రంగి. మా ఊళ్ళో సగం తలుపులు, నాగళ్ళు, బండి చక్రాలు ఆయన చేతివే. నేను ఎమ్మే చదివేటప్పుడు హాస్టల్లో ఎవరైనా అడిగితే "నాన్నగారు వ్యవసాయం" అని చెప్పేవాణ్ణి. ఎందుకలా చెప్పానంటే ఇప్పుడు కారణం దొరకదు. అప్పుడు మాత్రం చాలా సులువుగా నోట వచ్చేది.

పోటీలో నిలబడే అబ్బాయి గుమ్మంలోనే ఎదురై నా కుడిచెయ్యి అందుకుని వంగి నుదుటికి ఆనించుకున్నాడు. పెద్దవాళ్ళకి వాళ్ళు చేసే దణ్ణం అది. పొడుగ్గా, చామనఛాయగా, తీరైన ముక్కుతో వున్నాడు. జుట్టు నిండా రంపపు పొట్టు! సాయంత్రం అందాల పోటీ పెట్టుకుని పొద్దున్న తండ్రి దగ్గర పని చేస్తున్నాడు.

తండ్రి పంచన కూచుని ఒక మేరీమాత ముఖం చెక్కుతున్నాడు. బాతికులింగ్ అనే కొయ్య. లేత పసుపురంగు, మెత్తన, పురుగు పట్టదు. మన కొండపల్లి బొమ్మలకి తెల్లపొణికి ఎలాటిదో వీళ్ళకి ఇది అలాటిది. దొరకడమే కష్టమైపోయిందన్నాడు. ఊరేగింపు విగ్రహాల్లో కొన్నిటికి తలా, చేతులూ మాత్రమే చెక్కుతారు. మిగిలినదంతా కొయ్య చట్రం. దాని మీద పట్టుబట్టలు కడతారు. "ముఖం ఎలాగో వస్తుంది, చేతులు రావడమే కష్టం. చెయ్యి చూస్తే చాలు, చెక్కినవాడు ఎవడో తెలిసిపోతుంది" అన్నాడాయన. గోడ వారన జానెడేసి బొమ్మలు మూడు ఆరుతున్నాయి; ఉలి పట్టుకున్న పిడికిళ్ళు.

మా వాడు మధ్యన వుండి మాటలు చేరవేస్తున్నాడు. మా నాన్న ఏం పని చేసేవాడని ఆయన అడిగాడు. ఆ పరాయి ఊళ్ళో, ఎందుకో, నిజం చెప్పాను. ఆయన లేచి ఒక ఉలి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళయింది ఉలి పట్టి. బొటనవేలు తన చోటికి తానే వెళ్ళింది. అది చూసి ఆయన తల ఊపాడు.

తరవాత ఆయన తన కష్టం చెప్పుకున్నాడు. పెద్దకొడుకు తనకంటే పనిమంతుడు. ఇప్పుడు విలాసయాత్రల ఓడలో ఉద్యోగం. విందు బల్లల మీద పెట్టడానికి మంచుగడ్డల్ని హంసలుగా చెక్కుతాడు. ఆ ఊరివాళ్ళు అలా ఓడల్లోనూ హోటళ్ళలోనూ మంచూ పళ్ళూ చెక్కే పనికి వెడతారట. "మంచి జీతం. కాని తెల్లారేసరికి వాడు చెక్కింది నీళ్ళయిపోతుంది" అన్నాడు. చిన్నవాడు వీడు. గెలిస్తే మనీలాలో మోడలు పని దొరుకుతుందని ఆశ. "మీరు మాస్టారు. మీరూ ఈ పని వదిలి వెళ్ళినవారే. మీ నాన్న ఏమన్నాడు?"

మా వాడు ఆ మాట తెలుగులో చెప్పి, నా వంక చూడకుండా నేల చూపులు చూశాడు.

మా నాన్న ఏమీ అనలేదు. నన్ను రైలెక్కించి వెళ్ళి మళ్ళీ చిత్రిక పట్టుకున్నాడు. అదే చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం చింతకాయ పులుసులో ఉడికించిన చేపా, అన్నమూ పెట్టారు.

రాత్రి ఎనిమిదింటికి బాస్కెట్‌బాల్ ఆడే కప్పు కింద పోటీ. వేదిక అంచుల్లో కాగితపు గుర్రాలు నిలబెట్టారు. టాకా అంటారు వాటిని. కొయ్య అచ్చు మీద కాగితం పొరలు పొరలుగా అంటించి, ఆరాక కోసి తీసి, మళ్ళీ అతికి రంగులేస్తారు. అదీ ఆ ఊరి విద్యే. ముందు వరసల్లో ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు. ఒక్కొక్క కుర్రవాడూ వచ్చి తన పేరూ, తన పేట పేరూ కప్పు ఎగిరిపోయేలా అరిచి చెబుతాడు. ఆ పేటవాళ్ళు దానికి రెట్టింపు అరుస్తారు.

ఈత దుస్తుల్లో నడిచినప్పుడు మాత్రం నేను తల వంచుకున్నాను. పక్కనున్న ముసలమ్మ వంచుకోలేదు. అప్పుడు నాకు నా పాఠాలు గుర్తుకొచ్చాయి. మనుచరిత్రలో ప్రవరుడి అందం చూసి వరూధిని మనసు పారేసుకోవడం నేను ఇరవయ్యేళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడి, ఏ సిగ్గూ లేకుండా చెబుతున్నాను. పద్యంలో వుంటే కావ్యం, ఎదురుగా నడిస్తే సిగ్గా? తల ఎత్తాను.

చివరికి జాతీయ దుస్తులు. బారోంగ్ అనే పల్చటి పొడుగుచేతుల చొక్కా. మేలైనది అనాస ఆకుల నారతో నేస్తారు. ఆక్లాన్ సీమలో ఆ నేతని 2023లో యునెస్కో మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది. రామన్ మగ్సేసే 1953లో అధ్యక్షుడుగా ప్రమాణం చేసినప్పుడు కోటు మాని ఇదే వేసుకున్నాడట. ఆయన పేరిట ఇచ్చే బహుమతే 1958లో మన వినోబా భావేకి వచ్చింది. మా అబ్బాయి తొడుక్కున్నది మాత్రం అద్దె చొక్కా. దగ్గర్లోనే లుంబాన్ అని ఎంబ్రాయిడరీకి పేరుపడ్డ ఊరుంది. అక్కడి దుకాణంలో తెచ్చాడు. (మా అబ్బాయి అని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో తెలియదు.)

న్యాయనిర్ణేత ఒకావిడ ప్రశ్న అడిగింది: "ఈ ఊరి విద్య నీకేం ఇచ్చింది?"

మిగతా కుర్రాళ్ళు గర్వం, సంస్కృతి అని బాగానే చెప్పారు. ఇతను కొంచెంసేపు మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ బొటనవేలి మీద పాత ఉలిగాటు నాకు కనిపించింది. ముఖానికి రంగు పూసినవాళ్ళు దాన్ని మరిచిపోయారు కాబోలు. తరవాత అన్న మాటలు మా వాడు నా చెవిలో తెలుగులో చెప్పాడు: "మా నాన్న చెక్కిన విగ్రహాలు ఎన్నో గుళ్ళలో వున్నాయి. వాటి కింద ఎక్కడా ఆయన పేరు లేదు. ఈ రాత్రి నా పేరు మూడుసార్లు మైకులో పిలిచారు. నేను చేసిందల్లా నడవడమే. అందుకని మా నాన్న పేరు కూడా ఒకసారి చెబుతాను." చెప్పాడు.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తరవాత చప్పట్లు. నేను జనంలో ఆయన కోసం వెదికాను. అందరికన్నా వెనక స్తంభానికి ఆనుకుని, చేతులు రెండూ లాగు జేబుల్లో పెట్టుకుని నిలబడివున్నాడు.

మా అబ్బాయికి రెండో బహుమతి వచ్చింది. కొంత డబ్బూ, ఒక కొయ్యబొమ్మా. చూస్తే పొద్దున్న గోడ వారన ఆరుతున్న పిడికిళ్ళలో ఒకటి. మూడు బహుమతులూ తండ్రే చెక్కాడు! మొదటి బహుమతి రాలేదని మా వాడు విచారిస్తే ఆయన బొమ్మని తిప్పి చూసి, "మొదటి దానికి వేలి దగ్గర కొయ్య పగిలింది. ఇదే బాగా వచ్చింది" అన్నాడు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు మనసు మనసులో లేదు. మా నాన్న పోయినప్పుడు ఆయన పనిముట్ల పెట్టెని పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేశాను. రంపాలు, బాడిస, తోపడాలు. మంచి ధర వచ్చిందని కూడా సంతోషించాను. ఒక్క ఉలి మాత్రం మిగిలింది. దానితో మా ఆవిడ బెల్లం కొట్టుకుంటుంది. వంటింట్లోకి వెళ్ళి అది అడిగాను.

"బెల్లం దేనితో కొట్టను?" అంది.

బజారుకి వెళ్ళి చిన్న సుత్తి కొనుక్కొచ్చి ఇచ్చాను. ఉలి కడిగి చూస్తే పిడి మీద వరసగా మూడు గాట్లు. ఇంకొకరి పనిముట్లతో కలిసిపోకుండా మా నాన్న పెట్టుకున్న గుర్తు అది. మా ఊళ్ళో ఏ తలుపు మీదా ఆయన పేరు లేదు.

కిందటి వారం మా మేనల్లుడు ఫోను చేశాడు. ఆ అబ్బాయికి పని దొరికిందట. చొక్కా అద్దెకిచ్చిన లుంబాన్ దుకాణంవాళ్ళే అతని ఫొటో తీసి రోడ్డు పక్కన పెద్ద బోర్డు పెట్టించారట.

"పేరు వేశారా?" అన్నాను.

"దుకాణం పేరు వేశారు మామయ్యా. వాడి పేరు లేదు."

కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"తండ్రి చూశాడా?"

"బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాడు. చాలాసేపు కింద నిలబడ్డాడట."

"ఏమన్నాడురా?"

"'చేతులు బాగా వచ్చాయి' అన్నాడు మామయ్యా."