నేను వేసిన తాళం

మా ఇల్లు కొండాపూరులో. మేడమీద బట్టలారవేసే చోట నిలబడితే మాదాపూరు వైపు అద్దాల భవనాలు వరసగా కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ లేచినప్పుడు చుట్టూ బండరాళ్ళే ఉండేవని ఇక్కడి పాతకాపులు చెబుతారు. ప్రపంచంలో ఏ మూల ఏ కంప్యూటరుకు జబ్బుచేసినా, ఆ అద్దాల వెనుక ఎవరో ఒకరు రాత్రంతా మేలుకొని మందువేస్తూ ఉంటారట. వారికి ఇంత దగ్గరలో ఉన్న మా ఇంట్లో మాత్రం మొన్న శనివారం సాయంత్రం ఇంటర్నెట్టు లేదు. దీపం క్రింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. నాకూ లినక్సుకూ చుట్టరికం ఎలా కలిసిందో ముందు చెప్పాలి. మా కంప్యూటరు పాతది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కంపెనీవారి పోషణ ఆగిపోయింది. విండోస్ 11ను మోయటానికి దానికి శక్తి చాలదన్నారు. కొత్తది కొనటానికి నాకు శక్తి చాలలేదు. అప్పుడు మాదాపూరులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వశిష్యుడొకడు వచ్చి, దానిలో లినక్సు ఎక్కించిపెట్టాడు. 1991లో ఫిన్లండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టగా, దేశదేశాలవారు తలా ఒక చెయ్యి వేసి పెంచిన వ్యవస్థ అది. నాకు పైసా ఖర్చు కాలేదు. ముసలి కంప్యూటరు లేచి కూర్చుంది. నేనూ నాలుగు ఆజ్ఞలు నేర్చుకొని, తోటి లెక్చరర్ల దగ్గర కాస్త గొప్పలు పోయాను. ఆ గొప్పే నన్ను ముంచింది.

ఆ శనివారం రాత్రి 12 గంటలలోగా 62 మంది పిల్లల మార్కులు కాలేజీవారికి పంపించాలి. మార్కుల పట్టిక కంప్యూటరులో ఉంది. వారమంతా పేపర్లు దిద్దటంతోనే సరిపోయి, నేను దాన్ని తెరవనేలేదు. తీరా తెరిస్తే ఒక్క పేజీ రాదు. పేరు తేల్చుకోవటంలో తాత్కాలికంగా విఫలమైనామని ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది.

నాకు వెంటనే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. గురువారం నాడు ఇంటర్నెట్టు కంపెనీ కుర్రవాడు వచ్చి, పాత రౌటరు తీసేసి కొత్త పెట్టె బిగించి వెళ్ళాడు. ఇంకేముంది, దొంగ దొరికాడు! కంపెనీకి టెలిఫోను చేసి, మీ మనిషికి పనిమీద శ్రద్ధలేదని గట్టిగా ఫిర్యాదు వ్రాయించాను.

ఏడున్నరకు ఆ కుర్రవాడు వచ్చాడు. బయట వాన. రెయిన్ కోటు ఉన్నా నిలువునా తడిసిపోయాడు. పెట్టెమీద దీపాలు చూశాడు. తీగె తెగితే వెలిగే ఎర్రదీపం వెలగలేదు. తన ఫోనులో డేటా ఆపివేసి, మా ఇంటి వైఫైకి తగిలించి, ఒక సినిమాపాట ఆడించి చూపించాడు.

"సార్, డబ్బా మంచిగనే ఉన్నది. లైన్ కూడ మంచిగనే వస్తున్నది. మీ కంప్యూటర్ల ఏదో ఉన్నట్టుంది."

"నువ్వు పెట్టె మార్చకముందు బాగానే ఉంది కదయ్యా!" అన్నాను.

అతను ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "సార్, ఆ కంప్లైంటు వాపస్ తీసుకుంటరా? ఈ నెలల ఇది రెండోది. ఇంకొకటి పడితే పైసలు కట్ చేస్తరు" అన్నాడు.

"ముందు నా పని జరగనీ, చూద్దాం" అన్నాను.

అతను వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఆమె చేతిలో కాఫీ గ్లాసు ఉంది.

"తడిసి వచ్చిన పిల్లవాడికి ఇంత కాఫీ ఇచ్చేలోపల పంపించేశారు. తప్పు అతనిదేనని మీకెలా తెలుసండీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. శిష్యుడికి టెలిఫోను చేశాను.

నా కథంతా విని అతను నవ్వాడు. "మాస్టారూ! పద్యం ఇవ్వగానే తాత్పర్యంలోకి దూకవద్దు, ముందు పదవిభాగం చెయ్యమని మీరే కదా చెప్పేవారు! ఇదీ అంతే. దగ్గరనుంచి దూరానికి ఒక్కొక్క అడుగే వేద్దాం" అన్నాడు.

దానికి 'పింగ్' అనే ఆజ్ఞ ఉంది. 1983లో మైక్ మూస్ అనే అమెరికా ఆయన వ్రాశాడు. సముద్రంలోకి శబ్దం పంపి, తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనినిబట్టి జలాంతర్గామి జాడ కనిపెడతారు చూడండి, ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. మనం ఒక కేక వేస్తాం. అవతల ఎవరైనా ఉంటే పలుకుతారు.

మొదట 127.0.0.1 అని కొట్టమన్నాడు. అది కంప్యూటరు తన్ను తాను పిలుచుకోవటం. పలికింది. తరువాత 192.168.1.1, అంటే గోడకున్న కొత్త పెట్టె. పలికింది. ఆపైన 8.8.8.8, గూగుల్ వారిది, ఇల్లు దాటి బయట ఉన్నది. అదీ పలికింది! అంటే దారి బాగానే ఉంది. చివరికి అంకెలు మాని, ఒక పేరు కొట్టమన్నాడు. అక్కడ కంప్యూటరు నోరు మూసుకుంది.

"దారి తెలుసు మాస్టారూ, పేర్లే తెలియటం లేదు."

కంప్యూటర్లకు మన పేర్లు అక్కరలేదు. వాటికి అంకెలే కావాలి. మనకేమో అంకెలు జ్ఞాపకం ఉండవు. కనుక ఏ పేరుకు ఏ అంకెయో చెప్పే కరణంగారి వంటివాడు మధ్యన ఒకడుండాలి. ఒకప్పుడు కాలిఫోర్నియాలో ఒక సంస్థ ఉంచిన ఒకే ఒక్క జాబితాను అందరూ నకలు చేసుకొనేవారట. పేర్లు పెరిగిపోయి అది మోయలేని బరువైతే, 1983లోనే పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన ఆ లెక్కలను ఊరూరా పంచే ఏర్పాటు చేశాడు. మన కంప్యూటరు ఏ కరణాన్ని అడగాలో లినక్సులో ఒక చిన్న ఫైలులో వ్రాసి ఉంటుంది.

ఆ ఫైలు తెరిచాను. అందులో ఒక్కటే పంక్తి: 192.168.0.1. అది పాత రౌటరు అంకె!

అప్పుడు తట్టింది. మూడు నెలలక్రితం పేజీలు ఆలస్యంగా వస్తున్నాయని ఆ అంకె వ్రాసింది నేనే. ఎవరూ మార్చకుండా ఫైలుకు తాళం వేసే ఆజ్ఞ ఒకటి ఉంటే, అదీ వేసింది నేనే. కొత్త పెట్టె వచ్చి, 'ఇకమీదట నన్నడుగు' అని చెప్పబోతే, తాళం చూసి తిరిగిపోయింది. కుర్రవాడి ఫోనుకు తాళం లేదు. అది కొత్త కరణాన్ని చక్కగా అడిగి తెలుసుకుంది. ఇల్లు ఖాళీచేసి వెళ్ళినవాడికి ఉత్తరాలు వ్రాసి, జవాబు రాలేదని తపాలా బంట్రోతును తిట్టినట్టయింది నా పని.

ఆ తాళం వేసేటప్పుడు కూడిక గుర్తు, తీసేటప్పుడు తీసివేత గుర్తు. మిగతా ఆజ్ఞ అంతా ఒకటే. ఇంత చిన్న గీతకోసం ఒక పిల్లవాణ్ణి వానలో నిలబెట్టాను. గుర్తు మార్చి తాళం తీసి, అంకె దిద్దాను. పేజీలు జలజలా వచ్చాయి. పదకొండుంబావుకు మార్కులు వెళ్ళిపోయాయి.

నిద్రపట్టలేదు. పొద్దున్నే కంపెనీకి టెలిఫోను చేసి, ఫిర్యాదు తీసివేయమన్నాను. "సమస్య తీరిందా, తీరలేదా అని మాత్రమే వ్రాస్తాం సార్, తీసివేయటం ఉండదు" అంది అవతల అమ్మాయి. "అయితే ఈ మాట వ్రాయండి. తప్పు ఇంటివాళ్ళది, మీ మనిషి చెప్పింది అక్షరాలా నిజం" అన్నాను. వ్రాస్తానంది. పైవాళ్ళు దాన్ని చదువుతారో లేదో నాకు తెలియదు.

తరువాత ఆ కుర్రవాడి నంబరు వెతికి, జరిగిందంతా చెప్పాను. కాసేపు ఊరుకొని, "పర్లేదు సార్" అన్నాడు. ఆ మాటకంటె అతను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఈసారి ఇటువైపు వచ్చినప్పుడు కాఫీకి రమ్మన్నాను. మా ఆవిడ ప్రక్కనుంచి, "ఇంటర్నెట్టు బాగున్నరోజే రమ్మనండి" అంది.