ఎర్త్ ఎక్కడిది?

1993 జనవరిలో నరసరావుపేటలోని మా షెడ్డుకి ఒక మార్క్-2 అంబాసిడర్ వచ్చింది. బాబ్రీ మసీదు కూల్చి నెల దాటింది. ఆ నెలంతా మాకు బేరాలు పల్చగానే ఉన్నాయి. బండి ఓనరు పక్క పల్లెలో పొలాలున్న పెద్దమనిషి. రాత్రిపూట హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి, డైనమో పీకేసి ఆల్టర్నేటర్ పెట్టండి అన్నాడు.

మేము దూదేకులవాళ్లం. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకాడు. మిషన్లొచ్చి విల్లు మూలబడ్డాక నాయన ఒక ఉస్తాద్ దగ్గర ఆర్మేచర్ చుట్టడం నేర్చుకున్నాడు. ఉర్దూ ఆ షెడ్డులో విన్నదే, ఇంట్లో మాది తెలుగే. అందుకని ఉర్దూ మాట్లాడేవాళ్లకి మేము సగం సాయిబులం. మిగతా ఊరికి పూర్తి సాయిబులం. ఈ లెక్క మాకెన్నడూ తేలలేదు.

నాయన ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పించాడు. పాత బండ్లలో కొన్నిటికి ప్లస్సే ఎర్త్. అది చూడకుండా కలిపితే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు క్షణంలో మాడిపోతాయి. దీనికి మైనస్సే ఎర్త్. డైనమో పొడుగ్గా సన్నంగా ఉంటుంది, ఆల్టర్నేటర్ పొట్టిగా లావుగా. బ్రాకెట్లో వాషర్లు వేసి పుల్లీలు ఒకే వరసకి తేవడానికే పూట గడిచింది. పాత కటౌట్ పెట్టె ఇక అక్కర్లేదు, రెగ్యులేటర్ లోపలే ఉంది. పాత వైరు కొత్త కరెంటుకి ఆగదని నాయన బ్యాటరీ దాకా లావు వైరు లాగాడు.

"మైనస్ వైరేదీ?" అన్నాడు పెద్దమనిషి.

"బండి బాడీయే ఎర్త్ అండీ. దానికి వేరే వైరు అక్కర్లేదు."

ఆయన బీడీ ముట్టించాడు. "అవునుగానీ సాయిబూ, అసలు మీవాళ్లు ఎక్కణ్ణించి వచ్చారు?"

అది ఆ నెలలో మేము చాలాసార్లు విన్న ప్రశ్నే. కానీ ఆయన ఊరి పేరు చెప్పినప్పుడే మాకు తెలిసింది. వాళ్లింట్లో పెళ్లిళ్లకి పరుపులు ఏకింది మా తాతే. ఆ ఇంటి అరుగు మీదే పడుకునేవాణ్ణని తాత చెప్పేవాడు. మేమిద్దరం అన్నదమ్ములం నాయన మొహంకేసి చూశాం.

"ఇక్కడే బాబుగారూ," అని నాయన సన్నవైరు అందుకున్నాడు.

ఆ సన్నవైరు డాష్‌బోర్డు మీది ఎర్రబల్బుది. ఇంజను తిరగ్గానే ఆల్టర్నేటర్ తనంతట తాను మేలుకోదు. బల్బు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటే మొదట దాని రోటర్ని అయస్కాంతం చేస్తుంది. తర్వాత అది తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, బల్బు ఆరిపోతుంది. ఆరిన బల్బుని ఎవరూ పట్టించుకోరు. అది మాడిపోతే మాత్రం ఛార్జింగు మొదలవక మొరాయిస్తుంది.

స్టార్ట్ చేశాం. బల్బు ఆరింది. లైట్లన్నీ వేసినా మీటరు 14 వోల్టుల దగ్గర నిలబడింది. పెద్దమనిషి సంతోషించాడు. పాత డైనమో మాత్రం లెక్కపెట్టి మరీ డిక్కీలో వేయించుకున్నాడు. "మీవాళ్లతో జాగ్రత్తగా ఉండాలి," అని నవ్వాడు. నాయన ఒక స్పేరు బల్బు ఆయన చేతిలో పెట్టాడు, ఊరికే.

బండి వెళ్లాక అన్న ఆగలేకపోయాడు. "తాత సంగతి ఎందుకు చెప్పలేదు నాయనా?"

నాయన కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాడు. "అడిగిందానికి చెప్పాగదరా, ఇక్కడే అని," అన్నాడు.