జిందగడనా, అర్మకొండనా?

హిమాలయాల మీద ప్రత్యేక సంచిక వేస్తూ మా ఎడిటర్ నన్ను పంపింది చిక్కడపల్లికి. ఆయన దగ్గరున్న ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ పాత ప్రతి కాగితాలు ఊడిపోయాయి. దాన్ని బైండింగ్ చేయించి, పనిలో పనిగా పోటీ పరీక్షల పిల్లలు కొండల గురించి ఏం చదువుతున్నారో చూసి రమ్మన్నారు. నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర్నుంచి అశోక్‌నగర్ వైపు నాలుగడుగులు వేస్తే ఆ రెండో పని దానంతటదే అయిపోయింది. ప్రతి జిరాక్స్ షాపు ముందూ భూగోళం కట్టలు కట్టలుగా పడి ఉంది.

బైండింగ్ షాపు నారాయణగూడ వైపు ఒక సందులో. వెళ్లినవాణ్ణి అక్కడే కూర్చుండిపోయాను. పెద్దాయన పాత దారం బ్లేడుతో తెంపి, ఫారాలు విడదీసి, వెన్ను మీద ఎండిన జిగురును గోటితో గీకారు. చిరిగిన మడతలకు పల్చటి కాగితం పట్టీలు అతికించారు. దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టుకుంటూ పోయారు. ఒక్కో ఫారం అయ్యాక బొటనవేలితో ఒక్క నొక్కు. పక్కన మిషన్ మీద కుర్రాడు ఆ వ్యవధిలో పది స్పైరల్ పుస్తకాలు చేసి పారేశాడు.

“కుట్టు ఎవరికి గావాలె సార్? అందరు స్పైరలే అడుగుతరు. పరీక్ష అయితే పడేసుడే గదా” అన్నారాయన తలెత్తకుండా.

అప్పుడే ఇద్దరబ్బాయిలు కట్టలతో వచ్చారు. “తూర్పు కనుమలల్ల ఎత్తయింది ఏంది రా? ఒక బుక్కుల అర్మకొండ 1680 మీటర్లు, ఇంకో బుక్కుల జిందగడ 1690. కీల ఏది ఇస్తడో!” అదీ వాళ్ల బాధ. ఆ రెండూ పాడేరు ఏజెన్సీ కొండలనీ, బస్సెక్కి వెళ్లి చూడొచ్చనీ ఆ సంభాషణలో రాలేదు. పిల్లల్ని అని లాభం లేదు, ఒక్క మార్కు వాళ్ల బతుకు తేలుస్తుంది. నా కోపం ఆ కట్టలు తయారుచేసేవాళ్ల మీద.

ఎవరెస్ట్ ఎత్తు 8848.86 మీటర్లని నేను తిరగేసిన ప్రతి కట్టలోనూ ఉంది. ఆ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ నడుపుతున్న భూమి కొలతల సర్వేలో చేరాడనీ, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచం పట్టాడనీ ఒక్కదాంట్లోనూ లేదు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన ఆ సర్వే మన గుట్టల మీదుగానే ఉత్తరానికి పోయింది. 1852లో ఆ శిఖరమే ప్రపంచంలో ఎత్తయిందని లెక్కకట్టిన రాధానాథ్ సిక్దర్ పేరు మాత్రం బిట్టుగా ఉంది, అంతే.

నేను కుట్టిస్తున్న పుస్తకం రాసిన వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రెటర్. 1830 మేలో బయల్దేరి, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీ దాకా వెళ్లి, మరుసటి ఏడు తిరిగొచ్చాడు. నల్లమల ఎంత ఎత్తో ఆయనకు పట్టలేదు. దారి ఎలా ఉంది, నీళ్లెక్కడ దొరుకుతాయి, చెంచులెలా బతుకుతున్నారు, యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు ఎంత పన్ను గుంజుతున్నాడు, ఇవన్నీ రాసుకున్నాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం తర్వాత కొండను అలా చూసిన తెలుగు యాత్రికులు ఉన్నారు గానీ తక్కువ. సెల్ఫీ యాత్రలకు మాత్రం కొదవ లేదు.

2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి తాడు పట్టడం నేర్చింది భువనగిరి గుట్ట మీద. ఆ ఏకశిల కోట పేరు చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి నుంచి వచ్చిందంటారు. వయసులో ఆ రాయి ముందు హిమాలయాలు నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు.

మెటీరియల్ వేసే అయ్యలారా, ఎత్తు పక్కన రెండు వాక్యాలు ఎక్కువ అచ్చువేయండి. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, భువనగిరి మీ హాస్టల్‌కు దాదాపు 50 కిలోమీటర్లే. ఒక ఆదివారం వెళ్లి ఎక్కి రండి.