బొటనవేలు ఎత్తితే తప్పులేదు

నలభై నాలుగేళ్ళ వయసులో ఇదేం సరదా అని మా అత్తగారు ఫోన్లో ఒకటే నవ్వు. మీరూ నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ నేను చెప్పేది కాస్త వినండి.

మేముండేది హ్యూస్టన్‌లో. మా అమ్మాయి పోరు పడలేక దానితోపాటు నేనూ స్కూబా డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. పోయిన సెలవుల్లో మెక్సికోలో టులుమ్ దగ్గరున్న 'దోస్ ఓహోస్'కి వెళ్ళాం. రెండు కళ్ళు అని అర్థం. అక్కడి నేలంతా సున్నపురాయి. వాననీరు రాతిని కరిగించి గుహలు చేసింది. పైకప్పు కూలినచోట అవి బావుల్లా కనిపిస్తాయి. వాటిని సెనోటేలంటారు.

మీలో ఎవరైనా వెళితే ఇవి గుర్తుంచుకోండి. నీళ్ళలో దిగేముందు స్నానం చేయాలి, ఒంటికి క్రీములు రాయకూడదు. నీళ్ళు 25 డిగ్రీలుంటాయి కాబట్టి ఒళ్ళంతా కప్పే రబ్బరు సూటు వేసుకోవాలి. లోతు 10 మీటర్లే. ఒక గైడు వెంట నలుగురికి మించరు. పగటి వెలుతురు కనబడేంత వరకే వెళ్ళాలి. లోపల కట్టిన తాడు దారి చూపిస్తుంది. సిలిండర్లో గాలిని మూడు వంతులు చేసుకోవాలి. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, మూడోది ఆపదకి. పోపులడబ్బాలో మనం దాచే డబ్బులాగన్నమాట! పైనుంచి వేలాడే రాళ్ళు అచ్చం మన బొర్రా గుహల్లో ఉన్నట్టే ఉంటాయి. వాటిని తాకకూడదు.

ఇంకొకటి. బొటనవేలు పైకెత్తితే మనకి 'భేష్' అని కదా! అక్కడ 'ఇక చాలు, వెనక్కి పోదాం' అని. ఎవరు ఎత్తినా కారణం అడక్కుండా అందరూ తిరగాల్సిందే.

లోపలికెళ్ళిన ఐదు నిమిషాలకే నాకు గుండె దడ మొదలైంది. పైకి లేద్దామంటే నెత్తిమీద రాయి. వేలెత్తుదామంటే మొహమాటం. ఇంత డబ్బు పోశాం, పిల్ల సరదా పాడవుతుంది, పక్కవాళ్ళేమనుకుంటారో! జ్వరమొచ్చినా "నాకేం కాలేదు" అంటూ వంటింట్లో నిలబడే వాళ్ళం కదా మనం. చివరికి ఎత్తేశాను. అందరూ మారుమాట లేకుండా వెనక్కి తిరిగారు.

పైకొచ్చి క్షమించమంటే, "భయాన్ని దాచుకునేవాళ్ళంటేనే నాకు భయం" అన్నాడు గైడు. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అంది మా అమ్మాయి చెయ్యి పట్టుకుని.

గంటసేపు కూర్చుని మళ్ళీ దిగాను. ఈసారి నలభై నిమిషాలున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మేం దిగిన చోటు నీలంగా వెలుగుతోంది. ఆ అందం చూసి తీరాలి సుమా!

ఇప్పుడు ఇంట్లో కూడా ఒంట్లో బాగోకపోతే బొటనవేలు ఎత్తేస్తున్నాను. మావారు మాట్లాడకుండా కుక్కర్ పెడుతున్నారు. మీరూ ఓసారి ఎత్తి చూడండి.