గడువు తేదీ

ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో గడువు తేదీలతోనే నా కాపురం. యూజెన్స్ బిల్లుకైతే 1881 నాటి చట్టం మూడు రోజుల గ్రేసు ఇచ్చింది. కడుపులోని బిడ్డకు ఎన్ని రోజులివ్వాలి? దేవనహళ్ళిలో మా ఇంట ఇప్పుడిదే పంచాయితీ.

అమ్మాయికి నలభై వారాల మీద నాలుగు రోజులు. నొప్పులు రాలేదు. "పండితే కాయ తానే రాలుతుంది, తొందరేమిట్రా?" అంది మా అమ్మ. 41 వారాలు నిండితే మందిచ్చి నొప్పులు తెప్పిద్దామంది డాక్టరమ్మ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా అదే.

లెక్కల మనిషిని గనుక చదివాను. 280 రోజులన్నది సగటు లెక్క; సరిగ్గా ఆనాడే పుట్టేవారు నూటికి నలుగురైదుగురే. నొప్పుల మందు ఆక్సిటోసిన్ తల్లి ఒంట్లో ఊరేదే. దాన్ని తయారుచేసిన దూ విన్యోకు 1955లో నోబెల్ వచ్చింది. మందు పెడితే చివరికి ఆపరేషనే అంటారు గదా! 2018లో వెలువడిన అమెరికా పరిశీలనలో, ఇతర చిక్కుల్లేని 6,106 మంది తొలిచూలు తల్లుల్లో, 39వ వారంలో నొప్పులు తెప్పించినవారికి సిజేరియన్లు 18.6 శాతం, వేచి చూసినవారికి 22.2. గడువు మరీ మీరితే బిడ్డకే ముప్పు.

ఇదంతా విని అమ్మ చాలాసేపటికి నోరు విప్పింది. నాకు ముందొక కాన్పట. నెలలు నిండాక పదిహేను రోజులు చూశారట. ఆ బిడ్డ ఏడవలేదు.

ఇక మిగిలింది ఆ బిల్లుకిచ్చే మూడు రోజులే. తమంతట నొప్పులొస్తే సంతోషం, లేదంటే ఆస్పత్రికి. అంతవరకు బిడ్డ కదలికలు లెక్కపెట్టమన్నారు. అమ్మాయి చెబుతుంటే, నా బ్యాంకు డైరీలో గీతలు గీస్తోంది మా అమ్మ.